టవర్‌కూ ఉంది కొలత

చిలమకూరు గ్రామం అనగానే సిమెంటు ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. ఫ్యాక్టరీ దుమ్మయితే కంటికి కనిపిస్తుంది. సెల్ టవర్ తరంగాలు కనిపించవు. అందుకే వాటి మీద భయమెక్కువ. కానీ వాటికీ లెక్కుంది. తరంగాల తీవ్రతకు ఉన్న అంతర్జాతీయ పరిమితిలో పదో వంతునే మన దేశం 2012 సెప్టెంబర్ 1 నుంచి హద్దుగా పెట్టింది. ఆ హద్దు దాటలేదని టెలికాం కంపెనీ ధ్రువపత్రమివ్వాలి. టెలికాం శాఖ అధికారులు కొన్ని టవర్లను ఎంచుకుని స్వయంగా కొలుస్తారు. తప్పు తేలితే జరిమానా తప్పదు. టవర్ దగ్గరి డీజిల్ జనరేటర్ మోత కూడా మీటరు దూరంలో 75 డెసిబెల్స్ మించకూడదు. మీ వీధి టవర్ వివరాలు ‘తరంగ్ సంచార్’ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. రుసుము కడితే అధికారులే వచ్చి కొలిచి చెబుతారు. రచ్చబండ మాట నమ్మేముందు కొలత అడగండి.