సముద్రసేవాస్మృతులు
(సంఘ వార్షిక మహాసభయందు గావించిన ప్రసంగపాఠము)



మనవారు పెక్కుమంది నివసించు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగరము సముద్రమునకు మిక్కిలి దూరమైన వాడలు. మన హుస్సేనుసాగరము పేరునకే సాగరము. ఇట్టిచోట యుద్ధనౌకల ప్రసంగమేల యని కొందరు తలంపవచ్చును. కాని యౌవనమునంతయు యుద్ధనౌకలపై గడిపి, పిమ్మట నీ సందులలోనే స్థిరపడినవారు మనలో గలరు. వారినిగూర్చి విన్నవించుటకే మా యీ యత్నము.

సముద్రయానము పాతిత్యహేతువని బౌధాయనుడు చెప్పెను. ఆ నిషేధమును మన పెద్దలనేకులు చిరకాలము పాటించిరి. కాని యాంధ్రదేశచరిత్రము వేరుగా సాక్ష్యమిచ్చుచున్నది. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై ఓడబొమ్మ గలదు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున సముద్రవర్తకులకు అభయశాసనము నొసగెను. తైత్తిరీయోపనిషత్తులోని వరుణప్రార్థనయే నేడు భారత నౌకాసేనకు ధ్యేయవాక్యము. కావున సముద్రసేవ మనకు పరధర్మము గాదు.

మన నౌకాసేనకు భారతీయుడు తొలుత ప్రధానాధిపతి యైనది 1958 ఏప్రిలు 22వ తేదీన. ఆ మహనీయులు రామదాసు కటారిగారు. వీరు 1927లో డఫరిను శిక్షణనౌకలో చేరిన మొదటి జట్టులోనివారు. 1983లో సికింద్రాబాదున కీర్తిశేషులైరి. తమ స్మృతులను ఆంగ్లమున గ్రంథరూపమున నుంచిపోయిరి. సేనాధిపతులకు గ్రంథములు గలవు. బాయిలరు గదిలో చెమటోడ్చిన నావికున కేమి గలదు?

అశోకనగరున మా పొరుగువారగు నొక పెద్దాయన 1971 యుద్ధకాలమున విక్రాంతు నౌకలో బాయిలరు గదియందు పనిచేసిరి. ఆ యోడ బాయిలర్లు నాలుగింటిలో నొకటి బీటలువారగా, మూడింటితోనే యుద్ధమునకు బోయినది. విమానము లేచుటకు ఓడ గాలికెదురుగా వడిగా సాగవలెను. విమానమును ముందుకు విసరు యంత్రమునకును ఆవిరియే బలము. డిసెంబరు 4న కాక్సుబజారు, చిట్టగాంగులపై దాడికి లేచిన విమానములు ఈ యావిరి బలముననే లేచినవి. "యుద్ధము చూచితిరా?" యని మేమడుగగా, "లేదు మాస్టారూ! ఆవిరిముల్లు చూచితిమి. అది దిగకుండ జూచుటే మా యుద్ధము" అనిరి.

నాలుగేసి గంటల వంతులు. సాయంకాలమున మాత్రము రెండేసి గంటలు. ఒకే జట్టునకు ప్రతిరాత్రియు నడిజాము కావలి పడకుండుట కీ యేర్పాటు. పైన సూర్యుడుదయించెనో అస్తమించెనో గంటల మ్రోతవలననే తెలియుననిరి. నడిసముద్రమున నుండియు స్నానమునకు మంచినీరు కొలిచి వాడుకొనవలసి వచ్చెడిదనిరి.

ఆయన గతించిరి. పెండ్లిండ్లలో బంధువు లడిగినపుడెల్ల "ఓడలో ఉద్యోగము" అని యూరకుండెడివారు. వారును మరి యడుగరైరి. ఇంట మిగిలినవి యొక టోపీ, యొక సేవాపుస్తకము. మనుమలలో నొక్కనికిని తాతగా రే యోడపై నుండిరో తెలియదు. ఆ పాత విక్రాంతును 1997లో సేవనుండి తొలగించి, 2014లో ముంబయియందు విడగొట్ట నారంభించిరి. విశాఖ సముద్రతీరమున కురుసురా జలాంతర్గామిని 2002నుండి ప్రదర్శనశాలగా నిలిపిరి. ఓడ పోయినచోట మాటయైనను మిగులవలదా?

కావున సంఘమునకు మాదొక్కటే మనవి. నౌకాసేనలో పనిచేసిన పెద్దలున్న ప్రతియింటను, పిల్ల లొకనాడు కూర్చుండి, ఓడ పేరు, పనిచేసిన యేండ్లు, చేసిన పని, తిన్న తిండి, పడిన భయము తెనుగున వ్రాసికొందురుగాక. చిక్కడపల్లి గ్రంథాలయమున పరీక్షలకు చదువు మన యువకులు వారమున కొక గంట యిచ్చిన జాలును. పోషకులు అచ్చు వ్యయమును భరింతురుగాక. ప్రతివర్షము ఈ సంచికయందు వారి స్మృతులకు నాలుగు పుటలు కేటాయింపవలెనని ప్రార్థించుచున్నాము.

వరుణదేవుడు సముద్రముమీది మన బిడ్డలను రక్షించుగాక. స్వస్తి.