వోల్టేజికి హద్దులు: కెర్నల్‌లో విద్యుత్ సరఫరా వర్ణన చరిత్ర (స్మారకోపన్యాసం)

ఏ ఆచార్యుని స్మృతికి ఈ సభ అంకితమో ఆయన, సర్క్యూట్ పటం చదవడం రానివారు యంత్రానికి ప్రోగ్రాము రాయబూనడం తగదని జీవితాంతం బోధించారు. అరచేతిలో ఇమిడే సింగిల్ బోర్డు కంప్యూటర్‌లో ఏ భాగానికి ఎంత వోల్టేజి అందాలో లైనక్స్ కెర్నల్‌కు తెలియజెప్పే పద్ధతి ఎలా రూపుదిద్దుకున్నదన్న ప్రశ్న ఆ బోధకు అతి దగ్గరి విషయం గనుక, ఈ ఉపన్యాసం దానినే చేపడుతున్నది.

ఇటువంటి బోర్డుకు బయటినుంచి వచ్చేది సాధారణంగా 5 వోల్టులు మాత్రమే. దానిని ప్రాసెసర్‌కు ఒకటిగా, గడియారపు భాగానికి మరొకటిగా, ఆడియోకు ఇంకొకటిగా మార్చి, నిలకడగా అందించే భాగమే రెగ్యులేటర్. అటువంటివి అనేకం ఒకే చిప్పులో కూర్చితే అది విద్యుత్ నిర్వహణ చిప్పు, అంటే పీఎంఐసీ. ఇక ఈ భాగాలను కెర్నల్‌కు వర్ణించే పద్ధతి మూలాలకు వస్తే, సన్ సంస్థ బూట్ ఫర్మ్‌వేర్ ఓపెన్‌బూట్, దాని నుంచి 1994లో వెలువడిన ఐఈఈఈ 1275 ప్రమాణం, పవర్‌పీసీ యంత్రాల కోసం జరిగిన ఆ వర్ణన కుదింపు సభికులకు తెలిసినవే. యంత్రంలోని భాగాలను చెట్టు ఆకారంలో వర్ణించే డివైస్ ట్రీ అక్కడ పుట్టిందని గుర్తుంచుకుంటే చాలు.

అసలు మలుపు 2008 అక్టోబరులో వెలువడిన 2.6.27 కెర్నల్‌తో వచ్చింది. వోల్ఫ్‌సన్ మైక్రోఎలక్ట్రానిక్స్ సంస్థలో పనిచేసిన లియామ్ గిర్డ్‌వుడ్, మార్క్ బ్రౌన్‌ల రెగ్యులేటర్ చట్రం అందులో చేరింది. చిప్పును నడిపే డ్రైవర్, విద్యుత్తును వాడుకునే డ్రైవర్, బోర్డును రూపొందించినవారు అనే ముగ్గురి బాధ్యతలను అది విడదీసింది. ఉదాహరణకు ఒక చిప్పు 0.7 నుంచి 2.275 వోల్టుల వరకు ఇవ్వగలిగినా, తన బోర్డుపై 1.4 దాటరాదని చెప్పే అధికారం బోర్డు రచయితది. వాడుకరి డ్రైవర్ ఆ హద్దుల్లోనే అడగాలి, హద్దు దాటిన కోరికను చట్రం తిరస్కరిస్తుంది. ఒకే సరఫరాను ఇద్దరు వాడుకుంటుంటే ఇద్దరికీ సరిపడే వోల్టేజినే ఎంచుతుంది, చివరి వాడుకరి వదిలేదాకా ఆ సరఫరాను ఆపదు. ఈ హద్దులు అప్పట్లో సీ భాషలోని బోర్డు ఫైళ్లలో ఉండేవి గనుక, కొత్త బోర్డు వచ్చిన ప్రతిసారీ కెర్నల్‌లోకి కొత్త కోడు చేరేది.

ఈ హద్దు అన్న భావన విలువ తెలియాలంటే ఆల్‌విన్నర్ ప్రాసెసర్లతో వచ్చిన క్యూబీబోర్డు వంటి బోర్డులను దగ్గరగా చూడాలి. వాటిలోని ఏఎక్స్‌పీ209 అనే పీఎంఐసీ, ప్రాసెసర్‌తో రెండు తీగల ఐ2సీ బస్సుపై 0x34 చిరునామాలో మాట్లాడుతుంది. తయారీదారు కెర్నల్ దాని అమరికను ఫెక్స్ అనే ఫైలు నుంచి తీసుకునేది. అందులో, ఆ చిప్పులోని డీసీడీసీ2 అనే రెగ్యులేటర్‌కు, డీసీడీసీ2_వోల్ అనే పేరు ఎదుట 1400 అని ఒకే అంకె, మిల్లీవోల్టులలో ఉండేది. అదే రెగ్యులేటర్‌ను ప్రధాన కెర్నల్ డివైస్ ట్రీలో చూస్తే రెగ్యులేటర్-మిన్-మైక్రోవోల్ట్‌కు 1000000, రెగ్యులేటర్-మాక్స్-మైక్రోవోల్ట్‌కు 1400000 అని రెండు అంకెలు, పక్కన వీడీడీ-సీపీయూ అనే పేరు కనిపిస్తాయి. మొదటిది ఇంత పెట్టు అన్న ఆజ్ఞ. రెండవది ఈ గట్ల మధ్య ఎక్కడైనా ప్రవహించవచ్చునన్న అనుమతి. ఆ అనుమతి ఉన్నందువల్లనే ఆల్‌విన్నర్ ఏ20 ప్రాసెసర్ 912 మెగాహెర్ట్జ్ వేగానికి 1.4 వోల్టులూ, 528కి 1.1 వోల్టులూ అడిగి పొందగలుగుతుంది. రెండు అంకెలూ సమానమైతే చట్రం దానిని స్థిర వోల్టేజిగా తీసుకుని మార్పును అనుమతించదు.

ఇటువంటి బోర్డులను నడిపే ఆర్మ్ ప్రాసెసర్ల యంత్రాలలోకి డివైస్ ట్రీ రావడం గురించి కొందరు పండితులు చెప్పే కథను ఇక్కడ కాదనక తప్పదు. ఆర్మ్ కోడు గందరగోళంపై 2011 మార్చిలో లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఆగ్రహంతో రాసిన ఉత్తరమే ఈ పద్ధతికి మూలమని వారంటారు. ఒక ఉత్తరం నుంచి ఒక శాస్త్రం పుట్టిందనడం కథకు ఇంపుగా ఉండవచ్చుగానీ, గ్రాంట్ లైక్లీ, జెరెమీ కెర్ తదితరుల కృషి ఈ దిశలో అంతకు ముందే సాగుతున్నదన్న వాస్తవం దానికి అడ్డు నిలుస్తుంది. ఉత్తరం పనిని తొందరపెట్టింది, పుట్టించలేదు. అంతకన్నా పెద్ద పొరపాటు మరొకటి ఉంది: హద్దుల ఆలోచన డివైస్ ట్రీతోనే పుట్టిందనుకోవడం. 2012లో 3.3 కెర్నల్‌తో డివైస్ ట్రీలోకి వచ్చిన రెగ్యులేటర్ వర్ణన కొత్త ఆలోచన ఏదీ తేలేదు. 2008 నాటి హద్దులు సీ ఫైలు నుంచి ట్రీ ఫైలుకు ఇల్లు మారాయి, అంతే. ఇంటిని చూసి మనిషి వయసు లెక్కకట్టడం చరిత్రకారులకు తగని పని. ట్రీ తెచ్చిన మేలు నిజమైనదే, కానీ అది కోడునూ వర్ణననూ వేరుచేసిన మేలు. హద్దు పెట్టాలన్న వివేకం దానికి ముందుది.

కాలం మించుతున్నందున తరువాతి దశలను పేర్కొని వదలక తప్పదు. ఏఎక్స్‌పీ209 డ్రైవర్ 2014లో 3.16 కెర్నల్‌లో చేరింది. డివైస్ ట్రీ నిర్దేశం తొలి విడుదల 2016లో వచ్చింది. వర్ణనలను యంత్రమే సరిచూసేలా వాటి నియమాలు యామల్ అనే ఫైలు రూపంలోకి మారుతున్నాయి.

ఒక్క మాట మాత్రం వదలరానిది. వాడుకరి ఎవరూ లేని రెగ్యులేటర్‌ను బూట్ ముగిశాక కెర్నల్ ఆపివేస్తుంది. అందువల్ల ప్రాసెసర్ అంతర్భాగాలకు విద్యుత్తునిస్తూ, తనను అడిగే డ్రైవర్ ఏదీ లేని, ఏఎక్స్‌పీ209లోని డీసీడీసీ3 వంటి వాటికి రెగ్యులేటర్-ఆల్వేస్-ఆన్ అని రాస్తారు; అది లేకపోతే బోర్డు నిలువునా ఆగిపోతుంది. అయితే నిజంగా అవసరమై రాసినదేదో, తెలియక రాసినదేదో ఆ ఒక్క పదం చెప్పదు. కొత్త బోర్డు వర్ణన రాయబోయే విద్యార్థులు సర్క్యూట్ పటాన్ని ఎదుట పరచుకుని, ఆ పదం పక్కన ఏ భాగం కోసం రాశారో ఒక్క వరుస వ్యాఖ్యగా చేర్చాలని ఈ సభ తరఫున విన్నపం.