కారులో ఉండిపోయిన తుపాకీ



2023 మే 6న ఇక్కడికి దగ్గర్లోనే, టెక్సస్‌లోని ఆలెన్ అవుట్‌లెట్ మాల్‌లో ఒకడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. వాళ్లలో హైదరాబాదు నుంచి వచ్చిన మన ఇంజనీరు అమ్మాయి ఒకరు. ఆనాటి నుంచీ మన వాట్సాప్ గ్రూపుల్లో, పుట్టినరోజు విందుల్లో ఒకటే మాట: "గన్ కొనేద్దామా?" నిర్వాహకులు నన్ను పిలిచిందీ అందుకే. లెక్కలు చూసుకోవడం నా వృత్తి కాబట్టి ఆ దారినే వస్తాను.

దానికంటే ముందు చట్టం సంగతి ఒకటి చెప్పాలి. ఈ హాల్లో చాలామందికి తుపాకీ చేత పట్టడమే నేరం. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, ఎల్-1 వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ నిషేధం లేదు. శిక్ష 15 ఏళ్ల దాకా పడొచ్చు. సరదాకి షూటింగ్ రేంజికి వెళ్లి అద్దె పిస్తోలు పేల్చినా ఇబ్బందే. యు.ఎ.ఇ. నుంచి ఫ్లోరిడాకు చదువుకోవడానికి వచ్చిన రెహైఫ్ అనే కుర్రాడు మార్కులు రాక కాలేజీ నుంచి బయటికి వచ్చాడు, దాంతో వీసా హోదా పోయింది. ఆ తర్వాత రేంజికి వెళ్లి కాల్చినందుకు కేసు పెట్టారు. తన హోదా పోయిందన్న సంగతి అతనికి తెలుసని కూడా ప్రభుత్వమే రుజువు చెయ్యాలని 2019లో సుప్రీం కోర్టు తేల్చింది. తీర్పు అతనికి ఊరటే. కానీ సుప్రీం కోర్టు దాకా వెళ్లే ఓపికా డబ్బూ మనలో ఎందరికున్నాయి?

ఇక అసలు విషయం. టెక్సస్ అంటే నడుముకి రెండు పిస్తోళ్లు కట్టుకుని తిరిగే కౌబాయిల రాజ్యమని సినిమాలు మనకి నేర్పాయి. నిజానికి 1871 నుంచి 1995 దాకా ఈ రాష్ట్రంలో మామూలు మనిషి పిస్తోలు వెంట పెట్టుకుని వీధిలో తిరగడం నేరం. ఆ చట్టాన్ని కదిల్చిన ఘటన 1991 అక్టోబర్ 16న కిలీన్ ఊళ్లో జరిగింది. లూబీస్ అనే కెఫెటీరియాలో మధ్యాహ్నం భోజనాల వేళ ఒకడు ట్రక్కుతో అద్దాలు పగలగొట్టుకుని లోపలికి దూసుకొచ్చి 23 మందిని చంపాడు. సుజానా హప్ అనే ఆమె తల్లిదండ్రులతో అక్కడ భోంచేస్తోంది. ఆమెకు సొంత రివాల్వర్ ఉంది. కానీ వెంట తెచ్చుకుంటే చట్టం ఒప్పుకోదని కారులోనే ఉంచి వచ్చింది. హంతకుణ్ని పట్టుకోబోయి తండ్రి పోయాడు, ఆయన్ని వదిలి రాలేక తల్లీ పోయింది. సుజానా కిటికీలోంచి బయటపడి, తర్వాత శాసనసభల ముందు ఈ సాక్ష్యమే చెబుతూ తిరిగింది. ఆ సాక్ష్యం వింటే ఎంతటి గన్ వ్యతిరేకి అయినా కాసేపు మాట్లాడలేడు.

పిస్తోలు దాచుకుని తిరగనివ్వాలా అని ఓటర్లను అడిగే బిల్లును గవర్నర్ ఆన్ రిచర్డ్స్ 1993లో వీటో చేశారు. ఆమెను ఓడించి వచ్చిన జార్జ్ డబ్ల్యూ. బుష్ 1995లో, అలా తిరగనిచ్చే బిల్లు మీదే సంతకం పెట్టారు. 1996 నుంచి లైసెన్సుతో దాచుకుని తిరగొచ్చు. 2016లో పైకి కనిపించేలా కూడా. 2021 సెప్టెంబర్ నుంచి, 21 ఏళ్లు నిండి వేరే నిషేధమేమీ లేకపోతే, లైసెన్సే అక్కర్లేదు. 2022లో సుప్రీం కోర్టు, ప్రత్యేక కారణం చూపిస్తేనే లైసెన్సిస్తామన్న న్యూయార్క్ పాత చట్టాన్ని కొట్టేసింది. గాలి ఎటు వీస్తోందో చెప్పనక్కర్లేదు.

ఈ మార్పులన్నిటికీ శాస్త్రం అండ కూడా దొరికింది. 1997లో జాన్ లాట్, డేవిడ్ మస్టర్డ్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలోని కౌంటీల నేరాల లెక్కలు తీసి, తుపాకీ వెంట తీసుకెళ్లనిచ్చిన చోట హింసాత్మక నేరాలు తగ్గాయన్నారు. మరుసటి ఏడు లాట్ పుస్తకమే రాశాడు. ఎవరి జేబులో ఏముందో దొంగకు తెలియదు కాబట్టి, తుపాకీ లేనివాడికీ రక్షణ దొరుకుతుందన్నది వాదం. తెలివైన వాదం. దీన్ని కొట్టిపారేసేవాళ్లలో చాలామంది ఆ పత్రం చదవనివాళ్లే.

లోపం వాదంలో కంటే లెక్కలో ఉంది. వాళ్ల లెక్క 1977 నుంచి 1992 వరకు. ఆ చివరి ఏళ్లలో న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ లాంటి మహానగరాలను క్రాక్ కొకైన్ మహమ్మారి పట్టి పీడించింది. అప్పటికి తుపాకీ చట్టం సడలించిన రాష్ట్రాలు ఎక్కువగా పల్లెలూ చిన్న ఊళ్లూ ఉన్నవి. క్రాక్ బెడద అక్కడ తక్కువ. పక్క ఊరి మిరప చేలకు తామర పురుగు పట్టిన ఏడాది మన చేనుకు కొత్త మందు కొట్టాం, మనకు దిగుబడి మిగిలింది. మందు గొప్పదా, పురుగు ఇటు రాకపోవడమా? క్రాక్ తగ్గిన తర్వాతి ఏళ్లు కలిపి చూసేసరికి ఫలితం కనిపించకుండా పోయింది. 2004లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ సంఘం, ఉన్న ఆధారాలతో ఈ చట్టాలు నేరాలు తగ్గించాయనీ చెప్పలేం, పెంచాయనీ చెప్పలేం అంది. జేమ్స్ క్యూ. విల్సన్ అనే సభ్యుడొక్కడు, హత్యల విషయంలో లాట్ మాట నిలుస్తుందని విడిగా రాశాడు.

తర్వాత స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ డొనహ్యూ, సహచరులు ఇంకో పద్ధతి పట్టారు. చట్టం మార్చిన ప్రతి రాష్ట్రానికీ, మార్చని రాష్ట్రాలనుంచి తగినపాళ్లలో కలిపి ఒక నకలు రాష్ట్రాన్ని కాగితం మీద తయారుచేశారు. 2019లో ప్రచురించిన ఆ లెక్క ప్రకారం, చట్టం వచ్చిన పదేళ్లకు హింసాత్మక నేరాలు ఉండాల్సినదానికంటే 13 నుంచి 15 శాతం ఎక్కువ. జాగ్రత్తగా వినండి, ఉండాల్సినదానికంటే. 1996 తర్వాత టెక్సస్‌లోనూ నేరాలు తగ్గాయి. దేశమంతా తగ్గాయి. చట్టం మార్చని చోట ఇంకా ఎక్కువ తగ్గాయన్నదే అక్కడ తేలింది. ర్యాండ్ పరిశోధన సంస్థ చేసిన సమీక్ష కూడా ఇప్పుడు అటువైపే మొగ్గుతోంది. నా మొగ్గూ అటే.

మీలో ఒకరు వెంటనే అడగొచ్చు: "లైసెన్సు తీసుకున్నవాళ్లు బుద్ధిమంతులు, నేరాలు చేసేవాళ్లలో వాళ్లు అతి తక్కువ కదండీ?" నిజమే. మరి నేరాలు ఎలా పెరుగుతాయి? కారులో చూడండి. తుపాకీతో బయల్దేరినవాడు కోర్టుకి వెళ్లాలి, స్కూల్లో పిల్లల్ని దింపాలి, స్టేడియంలో ఆట చూడాలి. అక్కడికి తుపాకీ తీసుకెళ్లకూడదు. సీటు కింద పెట్టి తలుపు వేస్తాడు, ఒక్కోసారి తాళం కూడా వెయ్యడు. 2007 నుంచి టెక్సస్‌లో లైసెన్సు లేకుండానే కారులో పిస్తోలు పెట్టుకోవచ్చు. ఇవాళ అమెరికాలో దొంగలు ఎత్తుకెళ్లే తుపాకుల్లో పెద్ద వాటా కార్లలోంచే. సుజానా హప్ కారులో వదిలిన రివాల్వర్ ఒక చట్టాన్ని తెచ్చింది. ఆ చట్టం వచ్చాక కార్లలో ఉండిపోయే తుపాకులు వేరే కథ నడిపిస్తున్నాయి. బుద్ధిమంతుడు నేరం చెయ్యక్కర్లేదు, దొంగకు సరుకు అందిస్తే చాలు. అటువైపు దొంగ కూడా, ఎదుటివాడి దగ్గర ఉంటుందేమోనని తనూ ఒకటి పెట్టుకుని వస్తాడు. నిండా పని ఉన్న పోలీసుల నెత్తిన పోయిన తుపాకుల కేసులు కూడా పడతాయి.

ఆపద్బాంధవులు లేరని కాదు. 2022 జులైలో ఇండియానాలోని గ్రీన్‌వుడ్ మాల్‌లో హంతకుడు కాల్పులు మొదలుపెట్టిన 15 సెకన్లలో 22 ఏళ్ల కుర్రాడొకడు తన పిస్తోలుతో వాణ్ని కూల్చేశాడు. అక్కడ లైసెన్సు అక్కర్లేదన్న చట్టం వచ్చి మూడు వారాలు కూడా కాలేదు. ఆలెన్‌లో హంతకుణ్ని ఆపింది మాత్రం వేరే పని మీద అక్కడ ఉన్న ఒక పోలీసు. ఎవరికి కావలసిన కథ వాళ్లకు దొరుకుతుంది. దేశంలో తుపాకీ చావుల్లో ఇలాంటి సామూహిక హత్యలు చాలా చిన్న భాగం.

పెద్ద భాగం ఏదో మన సభల్లో ఎవరూ ఎత్తరు. 2022లో తుపాకీ వల్ల పోయినవాళ్లు 48,204 మంది. వాళ్లలో 27,032 మందివి ఆత్మహత్యలు. కాలిఫోర్నియాలో 2.6 కోట్ల మందిని పన్నెండేళ్లు గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. సొంత పిస్తోలు ఉన్న మగవాళ్లు తుపాకీతో ప్రాణం తీసుకునే ప్రమాదం, పిస్తోలు లేనివాళ్లకంటే 8 రెట్లు, ఆడవాళ్లలో 35 రెట్లు. "చావాలనుకున్నవాడు ఎలాగైనా చస్తాడు" అంటారు. అది తప్పు. మిగతా పద్ధతుల్లో బతికి బయటపడేవాళ్లు చాలామంది, వాళ్లలో ఎక్కువమంది మళ్లీ ఆ జోలికి పోరు. తుపాకీతో ప్రయత్నించినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది దాకా మిగలరు. ఉద్యోగం పోయి వీసాకి మిగిలిన 60 రోజుల గడువు లెక్కపెట్టుకునే ఇల్లు, గ్రేడులు తగ్గాయని గది తలుపు వేసుకునే పదిహేనేళ్ల పిల్లాడు, ఈ రెండూ మన దగ్గర లేవా? ఇంట్లో అలాంటి రోజులు నడుస్తుంటే ఆత్మహత్యల నివారణ లైన్ 988కి ఫోన్ చెయ్యండి. తుపాకీ ఉంటే ఆ రోజుల వరకైనా వేరే చోట పెట్టించండి.

గ్యాస్ స్టేషన్లు నడిపే మిత్రులకు నేను పాఠం చెప్పను. రాత్రి రెండింటికి కౌంటరు వెనక ఒంటరిగా నిలబడేది మీరు, నేను కాదు. గ్రీన్ కార్డో పౌరసత్వమో ఉండి కొంటే మాత్రం తాళం పడే పెట్టె కూడా అదే రోజు కొనండి, కారులో వదలకండి. టెక్సస్‌లో నిండిన తుపాకీని అందేలా వదిలేసి, అది 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే పెద్దల మీద కేసవుతుంది.

చివరిగా, గుడి కమిటీవాళ్లు ఒక బోర్డు గురించి అడిగారు. లోపలికి లైసెన్సు తుపాకీలు కూడా రాకూడదనుకుంటే "నో గన్స్" అని బొమ్మ అతికిస్తే సరిపోదు. చట్టంలో ఉన్న వాక్యాలనే ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, కనీసం అంగుళం ఎత్తు అక్షరాల్లో, వచ్చేవాళ్ల కంటపడేలా పెట్టాలి. దాచి తెచ్చేవాళ్లకు ఒకటి, పైకి కనబడేలా తెచ్చేవాళ్లకు ఇంకొకటి, లైసెన్సు లేనివాళ్లకు మూడోది. పెట్టాలా వద్దా అన్నది వచ్చే నెల మీ సమావేశంలో తేల్చుకోండి. పెట్టాలనే నేను ఓటేస్తాను. ఇక ప్రశ్నలు అడగండి.