టేపు బుస, టేపు వణకు

ధ్వనిముద్రణశాలలలోని ఇంజనీరులు టేపు చేయు బుసను అణచుటకై ఏండ్ల తరబడి శ్రమించిరి. నేడు అదే బుసను, అదే వణకును సంగీతము కూర్చువారు డబ్బిచ్చి కంప్యూటరులోనికి తెచ్చుకొనుచున్నారు. శ్రోతలకు ఇది వింతగా తోపవచ్చును. కాని ఇందులో వేలంవెర్రి కొంత, విషయము కొంత కలదు.

కంప్యూటరులోని ముద్రణ సాధనమునకు తగిలించు చిన్న ప్రోగ్రామును ప్లగిన్ అందురు. టేపు యంత్రమును అనుకరించు ప్లగిన్‌లు పెక్కు గలవు. బీటిల్స్ బృందము వారి 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బము 1967లో వెలువడినది. లండనులో దానిని ముద్రించినది స్టూడర్ జె37 అను నాలుగు ట్రాకుల యంత్రముపైన. వేవ్స్ కంపెనీ వారు అబ్బీ రోడ్ స్టూడియో సహకారముతో 2013లో ఆ యంత్రమునకే ప్లగిన్ రూపమిచ్చిరి.

టేపునకు పూసిన ఐరన్ ఆక్సైడు రేణువులు అయస్కాంతశక్తిని ఒక మేరకే గ్రహింపగలవు. ఆ మేర సమీపించిన పిదప లోనికి వచ్చు ధ్వని ఎంత హెచ్చినను ముద్రితమగునది అంతగా హెచ్చదు. తరంగముల శిఖరములు గుండ్రబడును. దానితో మూలమున లేని ఉపస్వరములు పుట్టును. వానిలో ముఖ్యమైనది మూలనాదమునకు మూడురెట్ల కంపనము గలది. మూలము షడ్జమమైనచో అది తారస్థాయి పంచమమే! మితముగా నున్నంతవరకు అది వేరు స్వరముగా తోపదు. నాదమునకు పుష్టి కలిగినట్లుండును. డప్పు దెబ్బకు ఈ ఒత్తిడి చక్కగా నప్పును. గాత్రమునకు అందులో నాలుగవ వంతు చాలును. ప్లగిన్ పెట్టగానే ధ్వని కొంత బిగ్గరయగుట కద్దు, బిగ్గరయైనది ఎవరికైనను ఇంపుగనే యుండును. రెండు స్థాయిలను సమానము చేసి విన్నగాని నిజము తేలదు.

ప్రతిధ్వని విషయము ఇంకను రుచికరమైనది. యంత్రములో ముద్రించు హెడ్డునకును వినిపించు హెడ్డునకును నడుమ 2 అంగుళముల ఎడముండి, టేపు సెకనునకు 15 అంగుళములు నడచినచో, ప్రతిధ్వని సుమారు 133 మిల్లీసెకనుల తరువాత వచ్చును. వేగము సగమైనచో 267. ప్లగిన్‌లో ఈ ఇనుప బంధము లేదు. నిమిషమునకు 90 అక్షరముల ఆదితాళములో అక్షరము 667 మిల్లీసెకనులు. దానిని మూడు చేసి 222 వద్ద ప్రతిధ్వనిని నిలిపినచో, చతురశ్రములో నడచు పాటకు వెనుక త్రిశ్రపు నీడ యొకటి కదలాడును. చేసి చూడదగిన ప్రయోగమిది.

వణకు సంగతి వేరు. టేపు నడక ఇసుమంత తడబడిన స్వరస్థానము కదలును. గిటారునకో, సినిమా పాటలోని వాద్యబృందమునకో అది ముచ్చటగా నుండవచ్చును. తంబురపై దానిని ప్రయోగించుట మాత్రము మాకు సమ్మతము కాదు. మంద్రపు తీగెలో స్వయంభువుగా పలుకు గాంధారమే తూలినచో గాయకుడు దేనిని పట్టుకొని పాడవలెను? వీణ మీదను అంతే. గమకము విద్వాంసుని వ్రేలిదో, ప్లగిన్‌దో తెలియకపోవుట విద్యార్థికి చేటు. ముద్రణ విని పాఠము నేర్చుకొనువారు నేడెందరో!

ఇరువది ట్రాకులకు ఇరువది ప్లగిన్‌లు తగిలించు అలవాటును గూడ చూచుచున్నాము. ఒక్కొక్క దాని బుస స్వల్పమే, అన్నియు కూడినపుడు వాన కురిసినట్లుండును. బుసకు మీట వేరుగా నుండును, దానిని కట్టివేయవచ్చును.

పాత రేడియో టేపులను కంప్యూటరులోనికి ఎక్కించునపుడు ఈ ప్లగిన్‌ల జోలికి పోరాదు. ఆ టేపులలో వాని యంత్రము ముద్ర ముందే యున్నది. కొత్త ముద్రణలకైనను మూలప్రతి వేరుగా, రంగు పూసిన ప్రతి వేరుగా నుంచవలెను. రెండవదానిపై ఏ ప్లగిన్, టేపు వేగమెంత, ఒత్తిడి యెంత అని వ్రాసి పెట్టవలెను. పదేండ్ల పిమ్మట ఆ పాటను మరల కలుపవచ్చినవాడు మొట్టమొదట అడుగునది అదే.