మూడు లాంతర్లు ఎక్కడుంటే అక్కడే

మన విజయనగరంలో మూడు లాంతర్ల స్తంభాన్ని 2020 మేలో సుందరీకరణ పేరు చెప్పి కూల్చేశారు. ఇలాంటి పని జరిగినప్పుడల్లా ఒకటే సమర్థన వినిపిస్తుంది: ఇంతకన్నా బాగా కడతాం, లేదంటే ఇంకోచోట పెడతాం, పోయిందేముంది అని. పోయేదేమిటో చూద్దాం. ఆ స్తంభం ఉన్న కూడలిలోనే పైడితల్లి అమ్మవారి చదురుగుడి ఉంది. విజయదశమి తర్వాతి మంగళవారం అమ్మవారి ఉత్సవంలో సిరిమాను ఆ గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. కరెంటు లేని రోజుల్లో లాంతర్లు పెట్టింది ఆ కూడలికి వెలుగు కోసమే. గుడి, కోట, దీపం ఒకదానికొకటి సాక్ష్యం. మధ్యలో ఒకటి లాగేస్తే మిగతా రెండింటి సంగతీ సగమే తెలుస్తుంది. పాత పీఠం నేటి రోడ్డుకి ఎన్ని అడుగుల కిందుందో కొలిస్తే, తారు మీద తారు పోసి వీధిని ఎంత ఎత్తు చేశామో తేలుతుంది. గచ్చులో సున్నం, ఇసుక పాళ్లు కట్టిన కాలం గురించి చెబుతాయి. కొత్త సిమెంటు స్తంభం ఎంత ముచ్చటగా ఉన్నా ఈ కబుర్లు చెప్పలేదు.

‘నాగార్జునకొండ కట్టడాలను తరలించలేదా?’ అని అడుగుతారు. నిజమే, తరలించారు. సాగర్ జలాశయంలో లోయ మొత్తం మునిగిపోతుందని 1954 నుంచి ఏళ్ల తరబడి తవ్వి, కొన్నింటిని కొండమీదా, అనుపు దగ్గరా మళ్లీ నిలబెట్టారు. ఈజిప్టులో అబూ సింబెల్‌ను ఎత్తుకు తరలించిందీ ఆనకట్ట నీటి భయంతోనే. కట్టడాల పరిరక్షణ గురించిన 1964 నాటి వెనిస్ చార్టర్ కూడా కట్టడాన్ని కాపాడటానికి తప్పనిసరైతేనో, అత్యంత ముఖ్యమైన జాతీయ, అంతర్జాతీయ ప్రయోజనం ఉంటేనో తప్ప కదిలించొద్దంటుంది. మన కూడలిని ఏ వరద ముంచబోయింది? ట్రాఫిక్ అంటారా, దానికి వన్‌వే ఉంది, పార్కింగ్ నిషేధం ఉంది, రోడ్డు మీదికి వచ్చిన దుకాణాల మెట్లున్నాయి. అవి చేతకాక, నోరులేని స్తంభం మీద పడటం తేలిక పని. శిథిలమైందన్న వాదనలో కొంత పస ఉంది, ఒప్పుకుంటాను. అయితే పగిలిన చోట సున్నపు గచ్చుతో అతుకు వేస్తారు, ఒరిగితే పునాది బిగిస్తారు. బుల్‌డోజర్ మరమ్మతు పనిముట్టు కాదు.

మన ఊళ్లోని గంటస్తంభం ఇంకా నిలిచే ఉంది. రేపు దానిమీద చెయ్యి వెయ్యాలంటే ముందు కొలతలతో పటాలు గీయాలి, అన్ని వైపులా ఫొటోలు తీయాలి, నిపుణుల నివేదికను తెలుగులో వార్డు సచివాలయం గోడకు అంటించాలి, అభ్యంతరాలకు గడువివ్వాలి. నగరపాలక సంస్థను మనం రాతపూర్వకంగా అడగాల్సింది ఈ తీర్మానమే.