త్రాగునీరు, ఆరోగ్యము: పంచాయతీల బాధ్యత

పంచాయతీ సభ్యులారా!

నల్లగొండ, ప్రకాశం జిల్లాల గ్రామములలో తిరిగినపుడు మేము ఒక విషయమును గమనించితిమి. ఊరొకటే, భూగర్భజలమొకటే, అయినను ఫ్లోరోసిస్ వ్యాధి అన్ని ఇండ్లను సమానముగా బాధించుట లేదు.

మన దేశమున ఈ వ్యాధిని తొలుత 1937లో నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో గుర్తించిరి. రాతిపొరలలోని ఫ్లోరైడు నీటిలో కరగుచున్నది. లీటరు నీటిలో అది 1 మిల్లీగ్రామునకు మించరాదు. వేరు ఆధారము లేనిచో 1.5 వరకు అనుమతింతురు. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పిల్లలకు గారపండ్లు, పెద్దలకు కీళ్ళనొప్పులు కలుగును. తుదకు వెన్ను వంగి బిగిసిపోవును. వంగిన వెన్నును తిరిగి నిలుపు మందు లేదు.

మరి, హెచ్చుతగ్గులేల? కలిగినవారు శుద్ధిచేసిన నీటిని కొందురు. వారి యింట పాలు, పెరుగు ఉండును. కూలివారు ఎండలో పనిచేయుచు అధికముగా నీరు త్రాగుదురు. అదియు చేనిలోని బోరునీరే. వారి ఆహారమున కాల్షియము కొరవడుటచే ఫ్లోరైడు మరింత కీడు చేయును. ఇది వారి కర్మము కాదు. మనము సరిదిద్దదగిన లోపము.

నీటిని కాచినచో చాలునని కొందరు తలంతురు. కాచిన నీటిలో సూక్ష్మక్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది దాని పాలు హెచ్చును.

పటిక, సున్నములతో ఫ్లోరైడును తగ్గించు విధానము నల్లగొండ పేరిటనే ప్రసిద్ధికెక్కినది. తెలంగాణమున 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నదీజలములను ఇండ్లకు చేర్చినది. అయినను కుళాయి రాని నాడు ప్రజలు మరల బోరింగు కడకే పోవుదురు.

రాజ్యాంగపు 73వ సవరణ త్రాగునీటిని పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. కావున ప్రతి బోరు నీటిని పరీక్ష చేయింపుడు. హద్దు మీరిన బోరింగులకు ఎఱ్ఱరంగు వేయించి, ఆ నీరు త్రాగరాదని చాటింపు వేయింపుడు. బడికి, అంగన్వాడీకి, చేలలోని కూలివారికి మంచినీరు అందునట్లు చూడుడు. ఊరి చివరి వీధి కుళాయిని ముందుగా పరిశీలింపుడు. ఆ వీధి బిడ్డ పండ్లు తెల్లగా నున్న నాడే మన పని నెరవేరినట్లు మేము భావింతుము.

జై హింద్!