ఆయిల్ ఇంజన్లో హఠాత్తుగా మోత వస్తే



నిన్నటిదాకా నిదానంగా నడచిన ఆయిల్ ఇంజను ఈవేళ ఉన్నట్టుండి సుత్తితో కొట్టినట్టు "ఠంగు ఠంగు" మని మోగిందనుకోండి. "ఈ మడి తడిసేదాకా నడవనీ" అని ఊరుకునేవారు కొందరు. మెకానిక్కును పిలిచి ఇంజనంతా విప్పించేవారు కొందరు. రెండూ నష్టమే.

నేను చెప్పేది రెండు ప్రక్కలా బరువైన ఫ్లైవీళ్లుండి, నిమిషానికి 650 చుట్లు తిరిగే పాతరకం ఒంటి సిలిండరు ఇంజను సంగతి. 1930లలో ఇంగ్లండులో లిస్టర్ వారు తయారుచేసిన నమూనాను తరువాత రాజ్‌కోట్ కార్ఖానాలు అనుకరించి మన బావిగట్లకు చేర్చాయి. కరెంటు మోటార్లు వచ్చినా ఇవి పూర్తిగా పోలేదు.

మోత వినగానే డీజిల్ కట్టివేసి ఇంజను ఆపండి. కర్రతోగాని కాలితోగాని చక్రాన్ని అదమవద్దు. డీజిల్ ఆగిన తరువాత చక్రాలు కొంతసేపు ఉత్తినే తిరుగుతాయి గదా, అప్పుడు చెవి పెట్టండి. మోత వెంటనే పోయిందా, ఇంకా వస్తున్నదా?

వెంటనే పోతే అది చాలావరకు మంటకు సంబంధించినది. సైలెన్సరు గొట్టం అతుకు దగ్గర కొత్తగా మసి కనబడితే గాస్కెట్ పోయినట్లే. కొత్తది వేసి బోల్టులు బిగిస్తే సరి. అక్కడ మసి లేక, పొగ మాత్రం నల్లగా వస్తుంటే ఇంజెక్టరు నాజిల్‌ను పరీక్ష చేయించాలి. డీజిల్ చిమ్మే నాజిల్ ముందు చెయ్యి పెట్టరాదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

మోత ఇంకా వస్తుంటే అది ఇనుముకూ ఇనుముకూ మధ్య పుట్టినది. అందరికీ ముందు బేరింగు మీదే అనుమానం పోతుంది. నాకూ ఒకసారి అలాగే పోయింది.

ఒక రైతు వేరుసెనగ చేను ఊడలు దిగే దశలో ఉన్నది. ఇంజను మోగితే మెకానిక్కు వచ్చి హెడ్డు విప్పి, పిస్టను తీసి, పెద్ద బేరింగు మార్చాడు. నాలుగు రోజులు పోయాయి. స్టార్టు చేస్తే మళ్లీ అదే మోత! నేను వెళ్లేసరికి పొద్దెక్కకముందే ఆకు ముడుచుకుంటున్నది. నేనూ బేరింగు సరిగా కూర్చోలేదనే అన్నాను. తీరా చూస్తే ఫ్లైవీలు నడిమి రంధ్రం దగ్గర, కీ చుట్టూ, కుంకుమలాంటి ఎర్రని పొడి! చక్రం షాఫ్టు మీద కదలాడుతూ ఉంటేనే ఇనుము అరిగి ఆ పొడి వస్తుంది. బేరింగుకు పెట్టిన డబ్బు వృథా అయింది. ఆ సాయంత్రమే నీరు పారింది గాని, గట్టిపడిన నేలలోకి చాలా ఊడలు దిగలేకపోయాయి.

కాబట్టి ఇంజను విప్పించే ముందు ఈ కీని చూడండి. అది చక్రాన్నీ షాఫ్టునూ కలిపి పట్టే ఇనుప చీల. ఇంజను పూర్తిగా ఆగిన తరువాత షాఫ్టు చివరినుండి చక్రం మీదికి సుద్దముక్కతో ఒక గీత గీయండి. చక్రాన్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. గీత విరిగినట్టు కనబడితే కీ వదులైనట్లే. రెండు చక్రాలనూ ఇలాగే చూడాలి. వదులు కీతో ఒక్క గంట కూడా నడపవద్దు. ఊడిన చక్రం ఎవరిని కొడుతుందో చెప్పలేం. నడిచే ఇంజను దగ్గరికి పైపంచెతోగాని చీరకొంగుతోగాని పోరాదు. బయటికి పొడుచుకు వచ్చిన కీ తల గుడ్డను లాగేస్తుంది.

కీ గట్టిగా ఉంటే ట్యాపెట్ల సందు చూడండి. తరువాతనే బేరింగు. ఇంజను చల్లారనిచ్చి నూనె మట్టం చూడండి; నూనెలో మెరిసే లోహపు రజను ఉంటే అనుమానం బలపడుతుంది. ప్రక్క తలుపు తీసి కనెక్టింగ్ రాడ్డును పైకీ క్రిందికీ ఎత్తి చూస్తే ఆట చేతికి తెలుస్తుంది. ఆట ఉంటే మెకానిక్కును పిలవాల్సిందే. అలాగే నడిపితే రాడ్డు విరిగి ఇంజను పెట్టెనే పగులగొట్టవచ్చు.

వదులు కీ క్రింద రేకుముక్క దూర్చి కొట్టే అలవాటు మనలో ఉంది. రెండు రోజులు నిలుస్తుంది, తరువాత గాడి కూడా పాడవుతుంది. కొత్త కీని ఆకురాయితో సరిపడా రాపించి బిగించాలి. మొదటి గంట నడిపాక ఇంజను ఆపి, సుద్దగీత నిలిచి ఉన్నదో లేదో మళ్లీ చూడండి.